బాడిస తగలని స్లీపర్లు

కలప పాసింగ్ డ్యూటీలో కొత్తగా చేరిన కుర్రాళ్లు ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, కుశలాలు అయ్యాక, అందరూ అడిగేది ఒక్కటే: స్వీడన్ కలప మంచిదా, ఫిన్లాండ్ కలప మంచిదా? ఈ ప్రశ్న వినగానే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల తప్పు కాదు. మాకూ ఒకప్పుడు అదే ప్రశ్న అప్పగించారు, దానికి జవాబు వెతుకుతూ ఒక ప్యాసింజరు బండిని కాలవలో పడేసినంత పని చేశాం.

ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది, నా కాగితాల మీద ఎవరు సంతకం పెట్టారు, అవన్నీ ఇక్కడ రాయను. అవి ఎవరికీ పనికిరావు, నాకూ పనికిరాలేదు. ఒక్క కలప కథ చెప్తాను. మీరు చేరిన ఉద్యోగం ఏమిటో అందులోనే ఉంది.

మేం ఎవరం

బిలాస్‌పూర్‌కి లైను వేసే రోజుల్లో మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఖలాసీగా వచ్చాడు. ఆయనతో వచ్చినవాళ్లు చాలామంది వెనక్కి పోలేదు. పట్టాలు చూసే గ్యాంగుల్లో చేరి, క్వార్టర్లు తీసుకుని, ఇక్కడే పిల్లల పెళ్లిళ్లు చేశారు. నేను నాలుగు ముక్కలు ఇంగ్లీషు నేర్చుకున్నందుకు స్లీపర్ డిపోలో పడ్డాను. పట్టాల కింద అడ్డంగా వేసే కలప దిమ్మలు మంచివో కావో చూసి, మంచివాటికి సుత్తితో ముద్ర కొట్టడం నా పని.

అప్పట్లో స్లీపరంటే సాల కలపే. చుట్టూ ఉన్న అడవుల నుంచి వచ్చేది. ఇనుములాంటి కర్ర. దాని మీద పట్టా సరిగ్గా కూర్చోవాలంటే, పట్టా ఆనేచోట బాడిసతో చెక్కి కాస్త వాలు పెట్టాలి. ఆ చెక్కుడులో మా వైపు వాళ్లకు పెద్ద పేరు. ఇళ్ల నుంచి తెచ్చుకున్న బాడిసలే వాడేవారు, దసరాకు వాటికి పసుపు రాసి బొట్టు పెట్టేవారు. గ్యాంగులో పిల్లనివ్వాలంటే జీతం కంటే ముందు కుర్రాడి చెక్కుడు చూసేవారంటే మీరు నవ్వుతారేమో. మా అక్క నూకాలును సింహాచలానికి ఇచ్చింది అలాగే. మా నాన్న లైను మీదికి పోయి, అతను చెక్కిన స్లీపర్ మీద వేలితో రాసి చూసి, ఇంటికొచ్చి ముహూర్తం పెట్టించాడు.

సింహాచలం మా బావ కాబట్టి పొగుడుతున్నానని అనుకోకండి. అంతటి చెయ్యి మళ్లీ చూడలేదు. అతను గ్యాంగును నడిపించే మేటు అయ్యాక అందులో ఒక్క స్లీపర్ కూడా వంకరగా ఉండేది కాదు.

రెండు మంచు దేశాలు

పెద్ద యుద్ధం తర్వాత సాల కలపకు కరువొచ్చింది. అడవులు ఎంత ఇచ్చినా కొత్త లైన్లకు చాలేది కాదు. అప్పుడు విట్లో దొర, మా ఇంజనీరు, యూరపు నుంచి మెత్త కలప తెప్పిద్దామన్నాడు. పైన్ చెట్టు కలప. గోరుతో గీస్తే గీత పడుతుంది. మొదటిసారి దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు నేను నిజంగానే అదిరిపోయాను. దీని మీద ఇంజను నడుపుతారా అనిపించింది.

కలకత్తా నుంచి ఒక ఏజెంటు రెండు చెక్క ముక్కలు పట్టుకుని వచ్చాడు. ఒకటి స్వీడన్‌ది, ఒకటి ఫిన్లాండ్‌ది. రెండు దేశాలకూ అతనే ఏజెంటు. పొద్దున స్వీడన్‌ను పొగిడాడు, భోజనమయ్యాక ఫిన్లాండ్‌ను పొగిడాడు. అయినా అతని దగ్గర నేను నేర్చుకున్నది ఉంది, మీరూ నేర్చుకోండి.

రెండు చోట్లా పని ఒకేలాగుంటుంది. చలికాలంలో మంచు మీద చెట్లు నరికి నది ఒడ్డుకు ఈడుస్తారు. మంచు కరిగాక దుంగలు నీళ్ల మీద తేలుతూ సముద్రం దగ్గరున్న కోతమిల్లుకు చేరతాయి. సముద్రమే గడ్డకడుతుంది కాబట్టి ఎగుమతి అంతా వేసవిలోనే. ఇక్కడి దాకా ఇద్దరూ ఒకటే. స్వీడన్‌వాళ్లు ఈ వ్యాపారంలో పాతకాపులు. వాళ్లకు ఇనుము కూడా ఉంది, కాబట్టి కలప ఈ ఏడు అమ్ముడుపోకపోతే కొంప మునగదు. ధర దిగరు, ఏరి పంపుతారు. ఫిన్లాండ్ కొత్తగా సొంత దేశమైంది. దానికి కలపే కూడు. పైగా అక్కడి రేవులు ఇంకా ఎక్కువ కాలం మూతపడి ఉంటాయి. మంచు మళ్లీ వచ్చేలోగా ఓడలు నింపెయ్యాలని తొందరపడతారు. ఆ తొందరలో సరిగా ఆరని కలప కూడా ఎక్కుతుందని, అందుకే చవక అని ఏజెంటే కన్ను గీటుతూ చెప్పాడు.

దారిలో ఇంగ్లండులో ఈ కలపకు క్రియోసోట్ అనే నల్ల నూనె పట్టిస్తారు. చెదలు పట్టకుండా కాపాడేది ఆ నూనే. కలప ఆరకపోతే నూనె లోపలికి దిగదు. కాబట్టి లెక్క ప్రకారం స్వీడన్ గెలవాలి. దొర మాత్రం లెక్క నమ్మనన్నాడు. బిలాస్‌పూర్ నుంచి కట్నీ పోయే లైనులో ఉస్లాపూర్ స్టేషన్ దాటాక, పక్కపక్కనే దారిలో రెండు ముక్కలు తీసుకుని, ఒకదాంట్లో స్వీడన్ స్లీపర్లు, ఒకదాంట్లో ఫిన్లాండ్ స్లీపర్లు వేయించాడు. అదే వాన, అదే ఎండ, అవే బండ్లు. ఏది నిలబడితే దాన్నే ఇక మీదట తెప్పించాలి.

స్వీడన్ ముక్క సింహాచలం గ్యాంగుకు వచ్చింది. ఫిన్లాండ్ ముక్క రామ్‌దులారే అనే మేటుకు వచ్చింది. రామ్‌దులారే మంచివాడే, కాని పని కనిపిస్తే పక్కకు తిరిగి బీడీ వెలిగించే రకం. స్లీపర్లు వేసిన ఆ నెలల్లో నేను అడవిలో సాల కలప పాస్ చేస్తూ ఉన్నాను. తిరిగొచ్చేసరికి దొర గదిలో గోడ మీద కొత్త ఫోటో వేలాడుతోంది. దొర, పక్కన బాడిస పట్టుకుని సింహాచలం, వాళ్ల కాళ్ల దగ్గర కొత్త స్లీపర్లు. పైనుంచి వచ్చిన ఆఫీసర్లకు మా బావ పనితనం చూపించి, భుజం తట్టి, దొర తీయించిన ఫోటో అది. మా అక్క ఆ సంగతి వాడంతా చెప్పుకుంది. నేనూ చెప్పుకున్నాను.

గడ్డపార

కొన్ని వానాకాలాలు గడిచాయి. ఆ ఏడు మొదటి వానలు పడ్డాక పట్టాల మీద మనుషులు తోసే ట్రాలీ ఎక్కి తనిఖీకి వెళ్లాను. రామ్‌దులారే ముక్క మీద ట్రాలీ ఎప్పటిలాగే పోయింది. సింహాచలం ముక్క మీదికి రాగానే చక్రాల చప్పుడు మారింది. గట్టి చప్పుడు కాస్తా బోలుగా వినిపించింది. ట్రాలీ ఆపించాను.

సింహాచలం ఎదురొచ్చాడు. "ఏటి సూరీ, ఆగిపోనావు?" అన్నాడు.

"చప్పుడు బాగులేదు బావా."

"మేకులు ఒదులైపోతన్నాయి. దిగ్గొడతన్నాను, మల్లీ లేస్తన్నాయి. ఈ పాలి పంపిన మేకులే మంచియి కావు."

స్లీపర్లు చూస్తే పైకి నల్లగా, నున్నగా, కొత్తవాటిలా ఉన్నాయి. పట్టా కింద ఇనప పలక పక్కనుంచి గడ్డపార మొన పెట్టి ఒక్క పోటు పొడిచాను. గట్టిదనం తగులుతుందని బలంగానే పొడిచాను. గడ్డపార సగం దాకా లోపలికి పోయింది. నేను దాని మీద తూలి పడబోయాను. బయటికి లాగితే మొనకు తడిమట్టి, దాంట్లో తెల్లగా చెదపురుగులు. పక్క స్లీపర్ పొడిచాను. అదీ అంతే. దాని పక్కది కూడా అంతే. లోపల కర్ర లేదు, నల్లటి పెంకు మాత్రమే మిగిలింది.

సింహాచలం గడ్డపార వంక, నా వంక చూసి, "కట్నీ ప్యాసింజరు" అన్నాడు. ఆ మాటతో ఎర్రజెండా లాక్కుని బిలాస్‌పూర్ వైపు పరుగెత్తాడు. ఆ వయసులో అతను అలా పరుగెత్తగలడని నేననుకోలేదు. మలుపు దగ్గర పొగ అప్పటికే కనిపిస్తోంది. ఇంజను ఆ మెత్త చోటికి ఇంకాస్త దూరం ఉండగానే, కాలవ వంతెన ఎక్కకముందే, పెద్దగా కీచుమంటూ ఆగింది.

జనం దిగారు. చంకలో పిల్లను పెట్టుకున్న ఒకామె నా దగ్గరికొచ్చి, "కా హోగే భైయా?" అని అడిగింది. ఏమైందంటే ఏం చెప్పను? ఆ పిల్ల నా చేతిలో గడ్డపారకున్న మట్టిని వేలితో ముట్టుకోబోయింది. నేను వెనక్కి దాచుకున్నాను. వెళ్లి ట్రాలీ మీద కూర్చున్నాను. ఎన్ని నెలలుగా ఈ పెంకుల మీద బండ్లు పోతున్నాయో ఊహకే అందలేదు.

రంపపు కోత

దొర మర్నాడే ఆ ముక్కంతా మార్పించాడు. తర్వాత విచారణ అన్నాడు. విచారణలో తేలాల్సింది తేలికగా చెప్పాలంటే ఇది: కలప చెడ్డదైతే స్వీడన్ సరుకు బంద్, ఇక అంతా ఫిన్లాండ్ సరుకే. కలప మంచిదైతే మేటు నిర్లక్ష్యం. మేటు నిర్లక్ష్యమైతే ఉద్యోగం పోతుంది, క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. కలప గురించి చెప్పాల్సింది నేను.

మనసులో నేను ముందే తీర్పు రాసేసుకున్నాను. స్వీడన్ చెడ్డది, అంతే. అయినా అలవాటు ఊరుకోదు. సింహాచలం ముక్కలోంచి ఒక స్లీపర్, రామ్‌దులారే ముక్కలోంచి ఒకటి, డిపోలో వాడకుండా మిగిలిన స్వీడన్‌ది ఒకటి తెప్పించి అడ్డంగా రంపంతో కోయించాను.

వాడని స్వీడన్ స్లీపర్‌లో చుట్టూ వేలి మందాన నల్లటి అంచు, మధ్యలో తెల్ల కర్ర. నూనె పట్టింది అంతవరకే. రామ్‌దులారే ఫిన్లాండ్ స్లీపర్‌లో కూడా అదే నల్లటి అంచు, కాస్త సన్నంగా. ఏజెంటు చెప్పినట్టే నూనె తక్కువ దిగింది. అయినా లోపల కర్ర చెక్కుచెదరలేదు. సింహాచలం స్లీపర్‌లో మూడు పక్కలా నల్ల అంచు చక్కగా ఉంది. పైన, పట్టా ఆనేచోట మాత్రం లేదు. అక్కడ ఆ అంచును ఎవరో నీటుగా తీసేశారు. అక్కణ్ణించే కింది దాకా డొల్ల.

ఎవరు తీశారో నాకు తెలుసు. ఆ నునుపు చూస్తే లైనులో ఎవరికైనా తెలుస్తుంది.

ఈ కొత్త స్లీపర్లకు వాలు పెట్టిన ఇనప పలకలు వాటితోనే వచ్చాయి. చెక్కక్కర్లేదు. కాని పలక కింద కాగితం కూడా దూరకుండా కూర్చోబెట్టాలని సింహాచలం సాల కర్రకు చేసినట్టే దీనికీ చెక్కాడు. సాల కర్ర లోపలా బయటా ఒకటే, ఎంత చెక్కినా నష్టం లేదు. ఈ మెత్త కలపకు ప్రాణమంతా పై చర్మంలో ఉంది. మా బావ తన పనితనమంతా చూపించి ఒక్కో స్లీపర్‌కూ ఆ చర్మం వలిచాడు. వలిచిన చోటును ఇనప పలక కప్పేసింది, కాబట్టి చెద ఎక్కడం ఎవరికీ కనపడలేదు.

రామ్‌దులారేను పిలిపించి మీరెందుకు చెక్కలేదని అడిగాను. అతను తిట్లు పడతాయనుకుని చేతులు కట్టుకున్నాడు. "బాబూ, గుస్సా మత్ హోనా. ధూప్ బహుత్ థీ" అన్నాడు. కోప్పడొద్దట. ఎండ ఎక్కువగా ఉందట, అందుకని పలకలు పెట్టి మేకులు కొట్టేశారట. మేం ఇన్నేళ్లు పోల్చింది రెండు దేశాలను కాదు. ఒక పనిమంతుణ్ణి, ఒక బద్ధకస్తుణ్ణి. గెలిచింది బద్ధకం. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

అక్క ఇంట్లో

సాయంత్రం అక్క క్వార్టర్‌కు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. అక్క చేస్తున్న పని ఆపేసింది.

"నువ్వు నోరు మూసుకుంటే సాలు కదేటి తమ్ముడా. సీడనోళ్లు మనకేటవుతారు? ఆళ్ల కర్ర సెడ్డదని సెప్పీ. ఆళ్లు వచ్చి నిన్నడుగుతారేటి?"

నిజానికి నేను ఆ మాట వినడానికే వెళ్లాను. బావ నోటంట కూడా అదే వస్తే, మర్నాడు అదే చెప్పేద్దామని ఉంది.

సింహాచలం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గోడకు మేకు మీద అతని బాడిస, దాని మీద పోయిన దసరా కుంకుమ ఇంకా కాస్త ఉంది. "నానేటి తప్పు సేసినాను సూరీ? బాగా సెయ్యడం తప్పా?" అన్నాడు. మళ్లీ, "ఆ పిన్లేండు కర్ర కూడా సెక్కితే ఇలగే అవుతాదా?" అని అడిగాడు.

"అలాగే అవుతుంది బావా. ఇంకా తొందరగా అవుతుంది. దాని అంచు ఇంకా సన్నం."

"అచ్ఛా. అయితే సీడన్ మాని అదే తెప్పిస్తారు. పెండ్రారోడ్డు టేసను దాకా అన్ని గ్యాంగులకీ ఇస్తారు. అందరూ మనోళ్లే. అందరి సేతిలోనూ బాడిసుంది." అతను అక్క వైపు చూడలేదు. "ఉన్నదున్నట్టు సెప్పీ. మల్లీ జెండా అట్టుకోని పరిగెట్టడానికి నానుండనుగా."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నేను తల ఎత్తలేకపోయాను. నాకంటే ఎంతో చదువుకున్నవాళ్లతో పనిచేశాను గాని, తన కూడు పోయే మాట తనే చెప్పమన్నవాణ్ణి మరొకణ్ణి చూడలేదు.

ఫోటో

మర్నాడు సింహాచలాన్ని వెంటబెట్టుకుని వెళ్లి, దొర బల్ల మీద పాత పేపరు పరిచి మూడు ముక్కలూ పెట్టాను. నూనె మరక పడుతుందని దొర విసుక్కున్నాడు. నల్ల అంచు చూపిస్తూ మొత్తం చెప్పాను. రెండు దేశాల కలపా పనికొస్తుందని, స్వీడన్‌ది కాస్త మేలని, బాడిస తగిలితే మాత్రం రెండూ ఒక్కలాగే పోతాయని చెప్పాను.

దొర ముక్కను వెలుగులోకి తిప్పి చూశాడు. "ఎవరు చెక్కారు?" అన్నాడు.

"నానే సెక్కినాను దొరా" అన్నాడు సింహాచలం. అతనికి ఇంగ్లీషు రాదు, కాని ఆ ప్రశ్న అర్థమైంది.

"చెక్కమని నీకు ఎవరు చెప్పారు?"

ఆ ప్రశ్నను నేను తెలుగులో అడిగాను. సింహాచలం కళ్లెత్తి గోడ వైపు చూశాడంతే. దొర ఆ చూపు వెంబడి తలతిప్పాడు. ఫోటోలో తను నవ్వుతున్నాడు. పక్కన మేటు బాడిస పట్టుకుని ఉన్నాడు. కాళ్ల దగ్గర నల్లటి స్లీపర్ల మీద పట్టా ఆనేచోట అప్పుడే చెక్కిన తెలుపు మెరిసిపోతోంది. ఇన్నేళ్లూ ఆ గదిలో కూర్చున్న ప్రతివాడికీ అది కనిపిస్తూనే ఉంది.

దొర మొహంలో రక్తం ఇంకిపోయింది. అంత పెద్ద ఇంజనీరు ఒక ఫోటో చూసి భయపడటం నేను చూడటం అదే మొదటిసారి. లేచి వెళ్లి దాన్ని మేకు నుంచి తీసి, బల్ల మీద బోర్లా పెట్టాడు. "నేను మెచ్చుకున్న పనే అతను చేశాడు" అన్నాడు. ఆ మాట నాతో అన్నాడు గాని కాగితం మీద పెట్టలేదు. సింహాచలం ఉద్యోగం ఉంది, క్వార్టర్ ఉంది. మేటుగిరీ మాత్రం పోయింది. ఎవరో ఒకరికి ఏదో ఒకటి జరగాలి కదా. దొరకు ఏమీ జరగలేదు. ఆయన మంచివాడేనని ఇప్పటికీ అంటాను, కాని ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే ఇంకా మంచివాడని అనేవాణ్ణి.

తిరుగు దారి

లైనంతా ఇక మెత్త కలప మీద బాడిస పెట్టకూడదని ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు చెప్తే మా వాళ్లు వింటారా? చెక్కని స్లీపర్ మీద పట్టా పెట్టడమంటే వాళ్లకు పరువు తక్కువ. అందుకని సింహాచలమే అడిగి, నాతో ట్రాలీ ఎక్కాడు. ఆ డొల్ల ముక్కను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

పెండ్రారోడ్డు గ్యాంగులో అందరూ మా వైపు వాళ్లే. ముక్కను కింద పెట్టగానే వాళ్ల మేటు పైనున్న చెక్కుడు మీద వేలితో రాశాడు. "ఎవులిదిరా ఈ సెయ్యి? ఇంత నున్నగా మనలో ఎవుడూ సెక్కలేడు" అన్నాడు.

"నాదే" అన్నాడు సింహాచలం. "మా మావ ఈ సెక్కుడు సూసే నాకు పిల్లనిచ్చినాడు. ఇప్పుడు తిరగేసి, లోపల సెయ్యెట్టి సూడండి."

ఒక్కొక్కరే ముందుకొచ్చి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశారు. వాళ్ల మేటు ముందుగా తన బాడిస తెచ్చి ట్రాలీ మీద పెట్టాడు. దారిలో ప్రతి గ్యాంగులోనూ అదే జరిగింది. కర్గీరోడ్డు స్టేషన్ దాటేసరికి ట్రాలీ మీద కూర్చోవడానికి మా ఇద్దరికీ చోటు లేకపోయింది. అన్నిటికంటే అడుగున సింహాచలం బాడిస ఉంది. బయల్దేరేటప్పుడు తనే పెట్టాడట, నేను చూడలేదు. మిగతా దూరం పట్టాల పక్కన నడిచే ఇంటికొచ్చాం.